గర్భిణికి తలనొప్పి: గుర్రపువాతానికి ముందు మెదడులో జరిగేదేమిటి?

పోయిన నెలలో ఒక సోదరి నుంచి ఉత్తరం వచ్చింది. తమ అమ్మాయికి ఎనిమిదో నెల అనీ, నాలుగు రోజులుగా తలనొప్పితో బాధపడుతున్నదనీ, మాత్రలు వాడడం తమకు ఇష్టం లేదనీ, శొంఠి పట్టు వేయవచ్చునో గంధం పట్టు మంచిదో తెలియజేయవలసిందనీ ఆమె రాశారు. ఉత్తరం అడుగున ఫోన్ నంబరు ఉండడం అదృష్టం. వెంటనే ఫోన్ చేసి, "శొంఠీ వద్దు, గంధమూ వద్దు. ఈ పూటే అమ్మాయిని ఆసుపత్రికి తీసుకువెళ్ళి రక్తపోటు చూపించండి, మూత్రం పరీక్ష చేయించండి" అని చెప్పాను. సాయంత్రం వారే ఫోన్ చేశారు. రక్తపోటు 160/110 ఉన్నదట. అమ్మాయిని ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

ఈ శీర్షికలో తలనొప్పికి లేపాలూ తైలాలూ నేను ఎన్నోసార్లు సూచించి ఉన్నాను. వాటిని చదివిన ఏ గృహిణి అయినా గర్భవతి అయిన కూతురికో కోడలికో ప్రయోగిస్తున్నారేమోనన్న ఆందోళన ఆ రోజు నుంచి నన్ను వదలలేదు. అయిదు నెలలు నిండిన గర్భిణికి వచ్చే తలనొప్పి వేరు. రక్తపోటు చూడకుండా దానికి ఏ పట్టూ వేయకూడదు. ఎందుకు కూడదో తెలియాలంటే మెదడులోని రక్తనాళాల సంగతి కొంత తెలుసుకోవాలి. అంతకంటే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నాడి చూశాను, కాళ్ళు చూడలేదు

అది 1986వ సంవత్సరం. నాకు అప్పుడు 27 ఏళ్ళు. పన్నెండో ఏట నుంచి గురువుగారి ఇంట ఉండి, మూలికలు నూరుతూ, సంహితలు వల్లె వేస్తూ వైద్యం నేర్చుకున్నవాణ్ణి. గురువుగారు ఊళ్ళో లేని ఒక రోజు, పురిటికి పుట్టింటికి వచ్చిన ఒక అమ్మాయిని చూడమని కబురు వచ్చింది. తొలిచూలు. ఎనిమిదో నెల. మూడు రోజులుగా నుదురు పగిలిపోతున్నట్టు నొప్పి. నాడి చూశాను. ఎండాకాలం, పిత్తప్రకోపం అని నిశ్చయించాను. నుదుటికి గంధం పట్టు, తాగడానికి రాత్రి నానవేసిన ధనియాల నీరు, పలుచని మజ్జిగ చెప్పాను.

"అయ్యా, దీని గాజులు చేతికి బిగుసుకుపోయాయి, తీద్దామంటే రావడం లేదు" అన్నది తల్లి.

"కడుపుతో ఉన్నవారికి నీరు చేరడం సహజమేనమ్మా" అన్నాను.

ఆ రాత్రి అమ్మాయి కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయని చెప్పిందట. రెండుసార్లు వాంతి చేసుకున్నదట. నేను వెళ్ళేసరికి పళ్ళు బిగిసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. ఎవరో చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు. ఇంకెవరో గాలి సోకిందని మంత్రం వేసే మనిషికి కబురు పంపమంటున్నారు. ఆ ఇంటి ముసలమ్మగారు ఒక్కరు మాత్రం "ఇది గుర్రపువాతం, పట్నం తీసుకుపొండి" అని గట్టిగా అరిచారు. ఆ రాత్రి అక్కడ జబ్బు పేరు తెలిసిన మనిషి ఆమె ఒక్కరే. ధాన్యం లారీ ఒకటి దొరికింది.

పట్నంలో పెద్దాసుపత్రి వారు తల్లిని బతికించారు. బిడ్డ దక్కలేదు. తెలివి వచ్చాక ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట "దీపం ఎందుకు ఆర్పేశారు?" అని. అప్పుడు పట్టపగలు. రెండు రోజులు ఆమెకు చూపు లేదు. మూడో రోజు తనంతట తానే వచ్చింది. కంటి డాక్టరుగారు పరీక్షించి కళ్ళలో లోపమేమీ లేదన్నారు. కళ్ళు బాగానే ఉండగా చూపు ఎలా పోయింది? పోయిన చూపు మందు లేకుండా ఎలా వచ్చింది? ఆ ప్రశ్నకు సమాధానం నాకు పదేళ్ళ తరువాత గాని దొరకలేదు.

గురువుగారు తిరిగి వచ్చి అంతా విన్నారు. "నాడి చూశావు. కాళ్ళు చూశావా? గాజుల మాట తల్లి చెబితే విన్నావా?" అని మాత్రం అడిగారు. మరుసటి వారం పాదరసపు రక్తపోటు పరికరం ఒకటి కొని నా చేతిలో పెట్టి, దాన్ని వాడడం నేర్చుకు రమ్మని ఒక లేడీ డాక్టరుగారి వద్దకు పంపారు. నాడీపరీక్ష గొప్ప విద్యే. కాని రక్తపోటు 120 ఉన్నదో 180 ఉన్నదో వేలికొసతో చెప్పగలమని ఎవరైనా అంటే నమ్మవద్దు. నేను నమ్మినందుకు ఫలితం మరొకరు అనుభవించారు.

మావిలో పుట్టి మెదడుకు ఎక్కే జబ్బు

గర్భం 20 వారాలు దాటిన తరువాత రక్తపోటు 140/90కి చేరి, దానితోపాటు మూత్రంలో మాంసకృత్తులు పోవడమో, మూత్రపిండాలు, కాలేయం, మెదడు వంటి అవయవాలు దెబ్బతింటున్న గుర్తులు కనబడడమో జరిగితే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. రక్తపోటు 160/110కి చేరినా, తగ్గని తలనొప్పి, చూపులో తేడా వంటివి తోడైనా అది తీవ్రమైనదని అర్థం. మూర్ఛ కూడా వస్తే ఎక్లాంప్సియా. మన పల్లెల్లో గుర్రపువాతం అన్నది దీన్నే. ఎక్లాంప్సియా అనే మాట గ్రీకు భాషలో తళుక్కున వెలుగు చిమ్మడాన్ని చెప్పే పదం నుంచి పుట్టింది. మెరుపులాగా హఠాత్తుగా వస్తుంది కనుక ఆ పేరు తగినదే.

ఈ జబ్బు మెదడులో పుట్టదు, మావిలో పుడుతుంది. మామూలుగా గర్భం కుదురుకునే కాలంలో గర్భాశయంలోని సన్నని మెలికల ధమనులు వెడల్పయి, మావికి ధారాళంగా రక్తం పంపుతాయి. కొందరిలో అవి సరిగా వెడల్పు కావు. రక్తం చాలని మావి కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి అధికంగా వదులుతుంది. వాటిలో ముఖ్యమైన ఒక దాని పాత్రను 2003లో అమెరికాలోని బోస్టన్‌లో పనిచేస్తున్న భారతీయ సంతతి వైద్యుడు అనంత్ కరుమంచి, ఆయన సహచరులు వెల్లడించారు. రక్తనాళాల లోపలి పొరను ఆరోగ్యంగా నిలిపే పోషక పదార్థాలను ఈ పదార్థం మధ్యలోనే పట్టివేస్తుంది. ఆ పోషణ కరువై తల్లి శరీరమంతటా నాళాల లోపలి పొర చెడుతుంది. మూత్రపిండంలో చెడితే మూత్రంలో మాంసకృత్తులు పోతాయి. కాలేయంలో చెడితే కుడిపక్క డొక్క కింద నొప్పి పుడుతుంది. దాన్ని మన ఇళ్ళలో గ్యాస్ అని వాముతో సరిపెడతారు. మెదడులో చెడితే జరిగేదే మన అసలు విషయం.

చెరువు, తూము, చేను

మన శరీరపు బరువులో మెదడు సుమారు 2 శాతమే. కాని గుండె పంపే రక్తంలో దాదాపు 15 శాతం దానికే కావాలి. ఎక్కువా కూడదు, తక్కువా కూడదు. ఇందుకోసం మెదడుకు వెళ్ళే చిన్న ధమనులకు ఒక నేర్పు ఉన్నది. చెరువులో నీటిమట్టం పెరిగితే తూము చూసే మనిషి తూమును బిగిస్తాడు. మట్టం తగ్గితే వదులు చేస్తాడు. చెరువు ఎలా ఉన్నా చేనికి అందే నీరు ఒక్కటే. అలాగే రక్తపోటు పెరిగినప్పుడు ఈ ధమనులు ముడుచుకుంటాయి, తగ్గినప్పుడు విప్పారుతాయి. అందుకే మెట్లెక్కినా, కోపం వచ్చినా, నిద్రపోయినా మెదడుకు అందే రక్తంలో పెద్ద తేడా రాదు.

తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాలో ఈ నేర్పు మందగిస్తుంది. తూము బిగించినా నిలవక, పోటెత్తిన రక్తం సూక్ష్మనాళాల మీదికి నేరుగా వచ్చి పడుతుంది. మరొక వైపు నాళాల లోపలి పొర ముందే బలహీనపడి ఉన్నది. మెదడులోని సూక్ష్మనాళాలకు మిగతా శరీరంలో లేని కట్టుదిట్టమైన కాపుదల ఉన్నది. రక్తంలో ఉన్నదల్లా మెదడులోకి చొరబడకుండా అది ఆపుతుంది. ఆ కాపుదలలో సందులు పడతాయి. నీరు ఊరి మెదడు కణజాలం ఉబ్బుతుంది. పాదాలకు నీరు పట్టిన సంగతి అందరికీ కనబడుతుంది. మెదడుకు పట్టిన నీరు కనబడదు. తలనొప్పిగా, వాంతిగా, మిణుగురులుగా మాత్రమే బయటపడుతుంది. గట్టు ఇలా ముందే కోసుకుపోయి ఉంటుంది కనుకనే కొందరికి రక్తపోటు మరీ ఎక్కువ లేకుండానే మూర్ఛ వస్తుంది. "బి.పి. కొంచెమే కదా" అని తలనొప్పిని తేలికగా తీసుకోవడం అందువల్లనే ప్రమాదం.

ఈ వాపు ఎక్కువగా మెదడు వెనుకభాగంలో వస్తుంది. మెడ వెనుక నుంచి మెదడులోకి వెళ్ళే ధమనులకు, వాటిని ముడిచే నరాల అల్లిక ముందరి ధమనులకు ఉన్నంత దట్టంగా ఉండదు. పోటును తట్టుకునే శక్తి అక్కడ తక్కువ అన్నమాట. చూపును గ్రహించే భాగం సరిగ్గా అక్కడే ఉన్నది. కన్ను చూస్తూనే ఉంటుంది, చూసినదాన్ని మెదడు అందుకోలేదు. 1996లో ఈ వెనుకభాగపు వాపును వైద్యులు స్కానింగ్ చిత్రాలతో సహా వర్ణించి, అది చాలామందిలో తిరిగి తగ్గిపోయేదని చెప్పారు. వారు వర్ణించిన రోగులలో ఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలు కూడా ఉన్నారు. పత్రికలో ఆ సంగతి చదివిన రోజున "దీపం ఎందుకు ఆర్పేశారు?" అన్న గొంతు నాకు మళ్ళీ వినిపించింది. నాళాల నుంచి ఊరిన నీరు ఇంకిపోగానే ఆమె చూపు వచ్చింది.

అందరికీ ఇంత తేలికగా తీరదు. కొందరిలో మెదడు ధమనులు ఉండ ఉండగా నొక్కుకుపోయి, రక్తం అందక కొంత భాగం చచ్చుబడుతుంది. 2004లో అమెరికాలో ఎక్లాంప్సియా వచ్చిన 27 మంది స్త్రీలకు ఎం.ఆర్.ఐ. తీసి చూస్తే, ఆరుగురిలో అటువంటి దెబ్బ కనబడింది. ఇంకా ఘోరమైనది నాళం చిట్లి మెదడులో రక్తస్రావం కావడం. ఈ జబ్బుతో తల్లి ప్రాణం పోవడానికి ముఖ్యకారణాలలో అది ఒకటి. 2005లో వెలువడిన ఒక పరిశీలన మన ఇళ్ళవారు గుర్తుంచుకోదగినది. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాతో మెదడుపోటు వచ్చిన 28 మంది స్త్రీలలో, అంతకుముందు రక్తపోటు నమోదై ఉన్నవారు 24 మంది. వారిలో 23 మందికి పై అంకె 160 గాని అంతకు మించి గాని ఉన్నది. కింది అంకె 110కి చేరినవారు ముగ్గురే. "కింద బి.పి. బాగానే ఉందిలే" అని నిశ్చింతగా కూర్చోవడానికి వీల్లేదు.

మన శాస్త్రం ఏమంటున్నది?

ప్రాచీనులకు ఈ జబ్బు పూర్తిగా తెలుసునని చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. వారికి రక్తపోటు కొలిచే సాధనం లేదు. కాని తెలిసినంత మేరకు వారు ఎంత జాగ్రత్తగా చెప్పారో చూడండి. నిండా నూనె పోసిన పాత్రను తొణకకుండా మోసినట్టు గర్భిణిని చూసుకోవాలని చరకుడు శారీరస్థానంలో అన్నాడు. ఆరో నెలలో పల్లేరుతో కాచిన నెయ్యిని సుశ్రుతుడు చెప్పాడు. పల్లేరు మూత్రాన్ని జారీ చేసేది, వాపును తీసేది. ఈ జబ్బు తల ఎత్తే కాలమూ దాదాపు అదే. అయినంత మాత్రాన పల్లేరు నెయ్యి గుర్రపువాతాన్ని ఆపుతుందని నేను చెప్పను, ఎవరు చెప్పినా వినవద్దు. అదే సుశ్రుతుడు గర్భపాతం వల్ల, అధిక రక్తస్రావం వల్ల, దెబ్బ తగలడం వల్ల వచ్చే అపతానకం అనే ఈడ్పురోగాన్ని అసాధ్యం అన్నాడు. అసాధ్యమంటే చేతులు ముడుచుకు కూర్చోమని కాదు, నీ చేతి మందుతో కాదని గ్రహించమని అర్థం అని మా గురువుగారు చెప్పేవారు.

ఇంటి మందుల విషయంలో రెండు మాటలు స్పష్టంగా చెప్పాలి. దగ్గుకూ గొంతుకూ మనం వాడే అతిమధురం రక్తపోటును పెంచుతుంది. రక్తపోటు ఉన్న గర్భిణి దాన్ని ముట్టకూడదు. సర్పగంధ రక్తపోటును తగ్గించే మాట నిజమే గాని గర్భిణికి అది తగదు. ఇక ఉప్పు పూర్తిగా మాన్పించడం వల్ల ఈ జబ్బు ఆగదు. చప్పిడి కూడు పెట్టి తల్లిని నీరసింపజేయడమే మిగులుతుంది.

చికిత్స

దీనికి అసలైన మందు కాన్పు. మావి బయటపడితే గాని జబ్బు మూలం తెగదు. ఎప్పుడు కాన్పు చేయాలన్నది నెలలను బట్టి, తల్లీబిడ్డల స్థితిని బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు. అంతవరకూ రక్తపోటును మందులతో అదుపులో ఉంచుతారు. 160/110 నిలకడగా ఉంటే అరగంట, గంట లోపలే మందు మొదలుపెట్టాలని నేటి నియమం. అలాగని ఒక్కసారిగా దించరు. తూము పనిచేయని చెరువు కదా, మట్టం హఠాత్తుగా పడిపోతే చేను ఎండుతుంది. మెదడుకూ మావికీ రక్తం చాలదు.

మూర్ఛకు మన దేశంలో ఒకప్పుడు మద్రాసు వైద్యుడు కృష్ణ మీనన్ 1961లో ప్రకటించిన మత్తుమందుల కలయికను విరివిగా వాడేవారు. తరువాత మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్ తక్కిన మందుల కంటే మేలైనదని 1995లో, మన దేశపు ఆసుపత్రులు కూడా పాల్గొన్న ఒక పెద్ద పరిశోధనలో తేలింది. 2002లో 33 దేశాల్లో సుమారు 10,000 మంది స్త్రీలలో జరిపిన మరొక పరిశోధన, మూర్ఛ రాకముందే దీన్ని ఇస్తే మూర్ఛ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని చూపింది. ఇది రక్తపోటు మందు కాదు. బిగుసుకున్న నాళాలను సడలించి, ఉద్రేకించిన మెదడు కణాలను శాంతపరుస్తుంది. విరేచనానికి వాడే ఎప్సం సాల్ట్ కూడా ఇదే పదార్థం. అందుచేత ఇంట్లో నీళ్ళలో కలిపి తాగిస్తే సరిపోతుందని ఏ తెలివైనవారూ అనుకోవద్దు. మోతాదు మించితే ఊపిరి ఆగుతుంది. ఆసుపత్రిలో మోకాలి కదలికను, శ్వాసను, మూత్రాన్ని గమనిస్తూ ఇవ్వవలసిన మందు అది.

ఇంట్లో చేయవలసినవి

రక్తపోటు పరికరం ఈనాడు చాలా ఇళ్ళలో ఉన్నది. అయిదు నిమిషాలు నిమ్మళంగా కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తున ఆనించి, దండ చేతికి పట్టీ చుట్టి చూడాలి. 140/90 ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. 160/110 ఉంటే ముహూర్తం చూడక బయలుదేరాలి. అంకెలు ఎలా ఉన్నా, తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, మసక, కుడి డొక్క నొప్పి, ముఖానికీ చేతులకూ హఠాత్తుగా వాపు, వీటిలో ఏది కనబడినా ఆగకూడదు. ఉంగరం, గాజులు బిగుసుకుంటున్నాయని చెబితే వినండి.

మూర్ఛ వస్తే ఎడమపక్కకు ఒత్తిగించి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా గాని, వేలు గాని, నీళ్ళు గాని పెట్టకూడదు. ఉల్లిపాయలు, తాళంచెవులు వెతికే సమయంలో 108కి ఫోన్ చేయవచ్చు.

తొలికాన్పువారు, కవలలు కడుపులో ఉన్నవారు, పూర్వం ఒకసారి ఈ జబ్బు వచ్చినవారు, తల్లికో అక్కచెల్లెళ్ళకో వచ్చినవారు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, ముందు నుంచీ రక్తపోటు ఉన్నవారు మూడో నెలలోనే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. ముప్పు ఎక్కువని తోచినవారికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ 12 వారాల నుంచి ఇస్తున్నారు. కాల్షియం తక్కువగా అందే తల్లులకు కాల్షియం మాత్రలూ మేలు చేస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే ఏర్పాటు 2016 నుంచి ఉన్నది.

ఇక సోదరి అడిగిన శొంఠి పట్టు సంగతి. రక్తపోటు, మూత్రం చూపించి అంతా సవ్యంగా ఉన్నదని డాక్టరు చెప్పిన తరువాత, ఆకలి తప్పడం వల్లనో నిద్ర చాలకనో వచ్చిన తలనొప్పికి నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. పలుచగా రాసి, మంట పుట్టకముందే తుడిచివేయాలి. చీకటి గదిలో పడుకోవడం, వేళకు తినడం అంతకంటే మంచివి.

కాన్పుతో తీరిపోదు

బాలింతకు తలనొప్పి వస్తే చెవుల్లో గాలి పోయిందని దూది పెట్టి, కాయం తినిపించి ఊరుకోవడం మన ఆచారం. కాన్పు తరువాత కూడా ఎక్లాంప్సియా రావచ్చు. మొదటి రెండు మూడు రోజులు ముఖ్యంగా గండం. ఆరు వారాల వరకూ జాగ్రత్త అవసరం. బాలింత తలనొప్పికీ ముందు రక్తపోటే చూడాలి.

ఆ తరువాత కూడా నాళాలు జరిగినదాన్ని మరిచిపోవు. ఈ జబ్బు వచ్చినవారికి తరువాతి జీవితంలో మెదడుపోటు ముప్పు ఇతరుల కంటే సుమారు 1.8 రెట్లు, రక్తపోటు వచ్చే అవకాశం సుమారు 3.7 రెట్లు ఎక్కువని 2007లో అనేక పరిశోధనలను కలిపి లెక్కగట్టారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ వైద్యులు, ఏళ్ళ క్రితం ఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలకు ఎం.ఆర్.ఐ. తీస్తే, మెదడులో చిన్న చిన్న తెల్లని మచ్చలు ఇతరులలో కంటే ఎక్కువగా కనబడ్డాయి. కనుక కాన్పు నాటి ఆసుపత్రి కాగితాలు పారవేయకూడదు. ఏ వయసులో ఏ డాక్టరు వద్దకు వెళ్ళినా ఆ మాట చెప్పాలి. ఏటా ఒకసారైనా రక్తపోటు చూపించుకోవాలి.

1986 నాటి ఆ అమ్మాయి 2019లో మోకాళ్ళ నొప్పులకు తైలం కోసం నా వద్దకు వచ్చింది. అప్పటికి ఆమెకు 53 ఏళ్ళు. తైలం పోయించే ముందు రక్తపోటు చూశాను, 170/100. ముప్పై మూడేళ్ళలో ఎవరూ ఆమెకు చూడమని చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఊరు దాటి వెళ్ళిపోయిందనుకున్నానే గాని ఒక ఉత్తరం ముక్క రాయలేదు. ఇంగ్లీషు వైద్యుని వద్దకు పంపితే మాత్రలు మొదలుపెట్టారు. అప్పుడు గర్భవతిగా ఉన్న ఆమె కూతురికి మూడో నెలలోనే ఆస్పిరిన్ ఇచ్చారు, కాన్పు సుఖంగా జరిగింది. ఆ రెండు రోజుల చీకటి ఎందుకయిందో ఆమెకు అప్పుడు వివరించాను. ఏదో పాపం కళ్ళకు కొట్టిందని ఇన్నాళ్ళూ అనుకుంటున్నానని చెప్పింది. ఇప్పుడు గోడ క్యాలెండరులో పాలలెక్క పక్కనే ప్రతి ఆదివారం తన రక్తపోటు అంకెలు రాసుకుంటున్నది.